కూలర్ ముందు కెమెరా

ఉప్పుగూడ రైల్వేస్టేషన్ వెనక సందులో ఉండే షహనాజ్ ఇంట్లో కూలర్ ఒక్కటే. దాని ముందు చోటు మాత్రం మనుషులది కాదు, కెమెరాది. ఎండాకాలం వచ్చిందంటే చల్లగాలి మొదట స్టూలు మీద మఖ్మల్ సంచిలో కొలువుతీరిన కెమెరాకు తగలాలి. ఆ తర్వాత కూతురు ఫరీహాకు. ఇంకా ఏమన్నా మిగిలితే భర్త తౌఫీఖ్‌కు. పొద్దంతా ఆటో నడిపి ఒళ్లు కాలిపోయి వచ్చిన ఆ మహానుభావుడు గుమ్మంలో చాప పరుచుకుని, విసనకర్రతో తన గాలి తనే విసురుకునేవాడు. ఒకసారి ధైర్యం చేసి కెమెరాను అల్మారాలో పెట్టి స్టూలు మీద తనే కూర్చున్నాడు. షహనాజ్ ఏమీ అనలేదు. ఆ పూట అన్నం కూడా పెట్టలేదు.

ఇదేదో ఆమె పిచ్చి అనుకునేరు, కాదు. పర్దా పాటించే ఇళ్ల పెళ్లిళ్లలో జనానా వైపు మగవాడు కెమెరా పట్టుకుని అడుగు పెట్టలేడు. అక్కడ ఆడవాళ్ల ఫొటోలు ఆడమనిషే తీయాలి. బార్కస్ నుంచి ఛత్రినాక దాకా అలాంటి ఇంట్లో పెళ్లి కుదిరితే ముందు ఫంక్షన్ హాలు చూస్తారు, ఆ వెంటనే షహనాజ్‌కు ఫోన్ చేస్తారు. అన్ని లైట్ల కింద గంటల తరబడి పనిచేసిన కెమెరా సెగలు కక్కుతూ ఇంటికొస్తుంది. దాన్ని చల్లబరచాలి కదా! చల్లబరచడమంటే ఆ ఇంట్లో కూలరే. కూలర్ విసిరే గాలిలో సగం నీళ్లేనని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పినా వినేది కాదనుకోండి.

ఆమెకు ఇంకో నియమం ఉంది. పెళ్లి అయిపోగానే కెమెరాలోంచి మెమొరీ కార్డు తీసి పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టేస్తుంది. ఒక్క ఫొటో కూడా తన దగ్గర ఉంచుకోదు. ఆ నమ్మకం మీదే ఆమెకు పిలుపులు. మంచి నియమమే, కాదనను. కానీ తీసిన ఫొటోను పెద్దది చేసి చూసుకునే యోగం ఆమెకు లేకుండా పోయింది. కెమెరా వెనక అగ్గిపెట్టెంత తెరలో లోకమంతా బాగానే కనబడుతుంది. అందుకే లెన్సుకు బూజు పట్టి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు.

బోనాల డప్పులు మోగుతున్న రోజుల్లో బార్కస్ నుంచి ఒక పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. ఫొటోలన్నిటిలో అమ్మాయి వెనకాల ఆవిరి లేస్తున్నట్టుంది, ఆ పక్కనే బిర్యానీ దేగ్‌లు పెట్టారా అని అడిగింది. పెట్టలేదు. షహనాజ్ లెన్సు విప్పి, వెనక నుంచి టార్చి వేసి చూసింది. లోపలి గాజు మీద తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి, నిలవ రొట్టె మీద వచ్చినట్టు. టార్చి ఆర్పి మళ్లీ వేసి చూసింది, దారాలు అక్కడే ఉన్నాయి.

ఆమె కంగారుకు కారణముంది. వానలు తగ్గగానే ఫరీహా పెళ్లి. ఊరందరి కూతుళ్లనూ పెళ్లికూతుళ్లుగా చూపించిన షహనాజ్, తన కూతురి ఫొటోలు తనే, ఈ కెమెరాతోనే తీయాలని ఫరీహా పాలపళ్లు ఊడకముందే అనుకుంది. అది తౌఫీఖ్ అక్క ఉమ్మే హానీకి సుతరామూ ఇష్టం లేదు. పెళ్లికూతురి తల్లి వచ్చినవాళ్లను పలకరించాలి గానీ, మెడలో కెమెరా వేసుకుని తిరుగుతుందా అని అప్పటికే బంధువులందరికీ చెప్పి పెట్టింది. ఇప్పుడు లెన్సు పోయిందని తెలిస్తే ఆమె పని సులువైపోతుంది. షహనాజ్ లెన్సును కొంగు కింద దాచుకుని పక్కింటికి నడిచింది.

పక్కింట్లో ఎల్లమ్మ. బర్రెలున్న ఇల్లు. సందులో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆమె దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంటుంది, అది పనిచేసిందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు మాత్రం లేదు.

“ఫోను నీళ్లల్ల పడ్తె బియ్యంల పెడ్తరు గదా! గిది గంతే,” అంది.

లెన్సు ఎల్లమ్మ బియ్యం డ్రమ్ములోకి వెళ్లింది. కొన్ని రోజులకు బయటికి తీస్తే బూజు ఉన్నచోటే ఉంది. కొత్తగా తిప్పే రింగు సందుల్లోకి బియ్యప్పిండి చేరింది. దాన్ని వెతుక్కుంటూ ఒక లక్కపురుగు కూడా లోపలికి నడిచింది. ఎల్లమ్మ దాన్ని చూసి, బియ్యం పాతవి అంది.

ఇక గత్యంతరం లేక కోఠీలో కెమెరాలు బాగుచేసే రామ్‌చందర్ దగ్గరికి వెళ్లింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశాడు.

“అమ్మా, బూజుకు తోడు పురుగును గూడ తోల్కొచ్చిన్రు,” అన్నాడు.

ఈ లెన్సుతో తీసిన ఫొటో ఏదన్నా చూపమన్నాడు. ఇన్నేళ్ల పనిలో ఆమె దగ్గర మిగిలింది ఎల్లమ్మ బర్రె ఫొటో ఒక్కటే. అది చూసి, బర్రె మంచులో నిలబడ్డట్టుంది అన్నాడాయన. లెన్సు విప్పి బూజు తుడిచాడు, పురుగును సాగనంపాడు. కానీ గాజు మీది పూతను బూజు కొంత తినేసింది, అది తిరిగి రాదు.

“లైటు ఎలుగు మీ ఎన్కకెల్లి వస్తె ఫికర్ లేదు. ఎదురుంగ వచ్చిందనుకో, పొగ కడ్తది.”

కొత్తది కొనుక్కోమన్నాడు గానీ, పెళ్లి పెట్టుకున్న ఇల్లు కాబట్టి ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత కూలర్ సంగతి, మఖ్మల్ సంచి సంగతి అడిగి తెలుసుకుని తల పట్టుకున్నాడు. మఖ్మల్ చెమ్మ పీల్చి పట్టుకుంటుందట. రబ్బరు రింగుతో మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా కావాలి, అందులో తేమ పీల్చే సిలికా గింజలు వెయ్యాలి, తేమ ఎంతుందో చూపే చిన్న మీటరు పెట్టాలి. ముల్లు నలభైకీ యాభైకీ మధ్య ఉండాలి. మరీ ఎండబెట్టినా మంచిది కాదు. గింజల రంగు మారితే వేయించి మళ్లీ వాడుకోవచ్చు.

ఆ సాయంత్రమే కెమెరా డబ్బాలోకి మారింది. తౌఫీఖ్‌కు ఎన్నాళ్లకో కూలర్ ముందు చోటు దొరికింది. అప్పటికి ముసురు పట్టి, ఇంట్లో అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు.

పెళ్లి షాపింగ్ మొదలైంది. చెప్పుల పెట్టె తెచ్చినా, పర్సు తెచ్చినా షహనాజ్ ముందు లోపల చెయ్యి పెట్టి సిలికా పొట్లం తీసేది. చెప్పులు కాలికి సరిపోయాయా లేదా అన్నది తర్వాతి మాట. వంటకు పనికిరాని పాత పెనం ఒకటి గింజలకే కేటాయించింది. తౌఫీఖ్ ఒకసారి అవేవో పేలాలనుకుని చెయ్యి చాపాడు. ఈసారి మాత్రం షహనాజ్ నోరు విప్పింది.

పెళ్లి రోజు ఫరీహాను లైట్లకు ఎదురుగా కూర్చోబెట్టింది. పిల్ల కళ్లు చికిలించుకుని, మమ్మీ, ఇంతమందిని కూర్చోబెట్టావు, నాకే ఎందుకిట్లా అని గొణిగింది. అప్పటి లెన్సు వేరు, ఇప్పటి లెన్సు వేరు అనలేక షహనాజ్ గడ్డం పట్టుకుని మొహం సరిచేసింది. ఉమ్మే హానీ చుట్టాల నడుమ కూర్చుని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. షహనాజ్ అటు చూడలేదు. ఫొటోలు బాగా వచ్చాయి.

పిల్లను సాగనంపే రుఖ్సతీ వేళ మాత్రం వెలుగు ఎటు నుంచి రావాలన్నది ఆమె చేతిలో లేదు. అప్పగింతలయ్యాక ఫరీహా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. బయట దేదీప్యమానంగా లైట్లు. ఏ వెలుగును తప్పించుకోవాలని ఆమె అన్ని తంటాలు పడిందో అదంతా సూటిగా లెన్సులో పడింది. షహనాజ్ బటన్ నొక్కింది. కార్ల తలుపులు పడ్డాయి.

హాలు ఖాళీ అవుతుంటే అలవాటు ప్రకారం కార్డు బయటికి తీసింది. పెళ్లికూతురి తల్లి ఎక్కడుందా అని చుట్టూ చూసింది. కాసేపు అలా చూసి, కార్డును గుప్పిట్లో పెట్టుకుని అక్కడే ఒక కుర్చీలో కూర్చుంది. తౌఫీఖ్ వచ్చి పిలిచేదాకా లేవలేదు.

ఆల్బం వేసేటప్పుడు అందరూ ఎంచింది ఆ గుమ్మం ఫొటోనే. మొహమంతా వెలుగు, అంచులు కరిగి, చుట్టూ పొగలాంటి తెలుపు. పిల్ల మొహంలో ఏం నూర్, ఏం కాంతి అని మెచ్చుకుంది ఇంకెవరో కాదు, ఉమ్మే హానీ. షహనాజ్ చాయ్ తేవడానికి లోపలికి వెళ్లింది.

మరుసటి ఏడు కొత్త లెన్సు వచ్చింది. బూజు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుతుంది, పాతది పారెయ్యమన్నాడు రామ్‌చందర్. ఆమె పారెయ్యలేదు. దానికి విడిగా ఇంకో డబ్బా, ఇంకో మీటరు పెట్టింది. రంగు మారితే దాని గింజలూ వేయిస్తుంది. ఒక పొద్దున పాలు పోయడానికి వచ్చిన ఎల్లమ్మ పొయ్యి దగ్గర నిలబడి, పని చెయ్యనిదానికి గింత సేవ ఏందని అడిగింది.

షహనాజ్ గింజలు కలుపుతూనే చెప్పింది.

“పోయేటప్పుడు పిల్ల ఎన్కకు మర్లి నా దిక్కు చూసింది, అక్కా. నా కండ్ల నిండ నీళ్లు, నాకేం గనవడలే. యేలు నొక్కింది, గంతే. దాన్ని నేను చూడలే. గిదే చూసింది.”

ఎల్లమ్మ కిందికి వంగి, గింజలు మాడుతున్నాయని పొయ్యి మంట తగ్గించింది.