కాలవలో ఇచ్చిన వాంగ్మూలం

తినే అన్నం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇక్కడ రాస్తున్న ప్రతి అక్షరం నిజం. తెనాలిలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుకుని పుస్తకం మూసేస్తారని తెలుసు. ఎరగనివాళ్ళ కోసమే రాస్తున్నాను. ఇవాళ పొద్దున్నే కాలవకి కొత్తనీళ్ళు వదిలారు. వంతెన మీద స్కూటర్ ఆపి నిలబడ్డాను. వేసవంతా ఎండి నెర్రెలిచ్చిన అడుగుమట్టి మొదటి నీళ్ళు తాగేటప్పుడు ఒక వాసన వస్తుంది. అందులో నాచు ఉంటుంది, తడిసిన గడ్డి ఉంటుంది, ఎవరో పారేసుకున్న పాత ఇనుము ఉంటుంది. అది ముక్కుకి తగలగానే నా కాళ్ళ కింద వంతెనే కదిలి రేపల్లె వైపు మెల్లగా పోతున్నట్టు అనిపించింది. నీళ్ళ మీద గంజి పెట్టిన తెల్లచీర ఒకటి గొడుగులా ఉబ్బి తేలుతూ కనిపించింది. ఆ చీర సలోమి గారిది. ఆమె పోయి రెండు వేసవులు దాటాయి.

సలోమి గారు నా పై అధికారి. సంక్షేమ శాఖలో చేసి రిటైరై, రేపల్లెలో సొంత ఇంటి వరండాలో మల్లెతీగకి నీళ్ళు పోసుకుంటున్న మనిషిని ప్రభుత్వం మళ్ళీ పిలిచింది. తండ్రి చేసిన అప్పు కింద పిల్లల్ని పనికి కట్టేయడం, తరాల తరబడి ఒకే ఇంటికి వెట్టి చేయడం చట్టంలో ఎప్పుడో రద్దయ్యాయి. మరి వాటిని మోసిన కుటుంబాల్లో ఈనాటికీ ఏం మిగిలింది, దానికి పరిహారం ఇవ్వాలా, ఇస్తే ఏ రూపంలో ఇవ్వాలి అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీవారు ఊరూరా తిరగలేరు గనక ముందు మాలాంటివాళ్ళు వెళ్ళి మనుషులు చెప్పింది రాసుకురావాలి. నేను అప్పటిదాకా ఆటోలో కూర్చుని చీరల కొట్లకీ సర్కసులకీ మైకులో ప్రచారం చెప్పుకునేవాణ్ణి. సర్కస్‌లో ఉన్న ముసలి సింహం నా నోట్లో పడి మూడు సింహాలయ్యేది. ఉద్యోగానికి వెళితే సలోమి గారు నన్ను కళ్ళద్దాల పైనుంచి చూసి, చెప్పింది చెప్పినట్టు రాయగలవా అని అడిగారు. అదెంత పనండి అన్నాను.

ఎంత పనో కొల్లిపర వైపు వెళ్ళినప్పుడు తెలిసింది. అక్కడ ఒక పెద్దాయన, చిన్నతనమంతా ఆసామి గారి గొడ్లచావిట్లో పడుకున్నానని చెప్పాడు. అంతే చెప్పాడు. నాకది చప్పగా తోచింది. ఆయన కాలికి నేనొక గొలుసు తగిలించాను. తుఫాను రాత్రి ఒకటి తెచ్చాను. ఎద్దులు ఆయన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నట్టు రాశాను. సలోమి గారు ఆ కాగితాలు చదివి, ఆ పెద్దాయన ముందే గట్టిగా చదవమన్నారు. మైకు గొంతు తీసి చదివాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. అంతా అయ్యాక ముక్కు చీది, "పాపం, ఆయనది ఏ ఊరు బాబూ? ఇంకా బతికే ఉన్నాడంటావా?" అని అడిగాడు.

నేను నవ్వాపుకోలేకపోయాను. సలోమి గారు నవ్వలేదు. తెనాలి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు అరటితోటలు చూశారు. ఆ ఆకుల పచ్చదనం ఆమె తెల్లచీర మీద పడి పోతూ ఉంది. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నారు: "ఆయన బతుకుని ఒకళ్ళు ఒకసారి ఆయన చేతిలోంచి తీసేసుకున్నారు కరీమూ. ఇవాళ నువ్వు రెండోసారి తీసుకున్నావు." నేను మర్నాడు మళ్ళీ వెళ్ళి, గొడ్లచావిట్లో పడుకున్నాడని మాత్రమే రాసుకొచ్చాను. ఆ ఒక్క వాక్యం కింద మిగిలిన తెల్లకాగితం చూస్తుంటే నాకు ఆ చావిడంతా కనిపించింది. ఎద్దులు ఏడవలేదు. నెమరు వేస్తున్నాయి.

ఆ తర్వాత వచ్చింది భట్టిప్రోలు పక్కన ఒక ఊరు. పేరు చెప్పను. ఈ ఊళ్ళో వెట్టి ఎన్నడూ లేదని ఎవరో ఏనాడో సర్కారు కాగితాల్లో రాసిపెట్టారు. పేటలో ఎవర్ని కదిలించినా మా పెద్దోళ్ళు చెప్పుకునేవాళ్ళండి అనేవాళ్ళే గాని, స్వయంగా అనుభవించిన మనిషి ఒక్క మార్తమ్మే మిగిలింది. విన్నమాట కమిటీకి పనికిరాదు. బాపట్లలో జరిగే విచారణకి మార్తమ్మ వచ్చి నోరు తెరిస్తే ఆ పేట నివేదికలో ఉంటుంది, లేకపోతే ఆ పేటలో ఏమీ జరగనట్టే. ఇది అందరికంటే ఎక్కువగా పట్టినది ఆమె మనవరాలు జ్యోతికి. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. ముందే మాకు చెప్పింది: "మా నాయనమ్మ చేత చెప్పించటం మీ వల్ల కాదండి. నేను ఇస్త్రీ బట్టలేసుకుంటే నా ముందే కూకోదు."

అదే నిజమైంది. మేము వాకిట్లో అడుగుపెట్టగానే మార్తమ్మ లేచి నిలబడింది. మూడుసార్లు వెళ్ళాం. ఏం అడిగినా తల వంచుకుని, అంతా మీ దయండి, బాగానే ఉన్నామండి అనేది. పొట్టిగా, ఎండిన తాటిముంజలా ఉండేది. మాకు అరుగు మీద కుర్చీలు వేయించి తను కింద దూరంగా గోడవార నిలబడేది. చిన్నప్పుడు తండ్రి అప్పు కింద ఆమెని పెట్టిన ఇంట్లో ఒక కట్టడి ఉండేదట. ఇంటివాళ్ళ తల కంటే ఆమె తల ఎత్తున ఉండకూడదు. వాళ్ళు అరుగు మీద కూర్చుంటే ఈమె నేల మీద ఉండాలి. వాళ్ళు నేల మీద కూర్చుంటే ఈమె లేచి పల్లంలోకి పోవాలి. ఆ ఇల్లు కూలిపోయింది, ఆ మనుషులు పోయారు, కట్టడి మాత్రం ఈమె మోకాళ్ళలో ఉండిపోయింది. ఇదంతా మాకు జ్యోతి చెప్పిందే. విన్నమాట గనక నేను రాయడానికి లేదు.

నాలుగోసారి వెళ్ళింది మిట్టమధ్యాహ్నం. పేట మొత్తం కునుకు తీస్తోంది. కోళ్ళు కూడా నిద్రలో నడుస్తున్నట్టే నడుస్తున్నాయి. సలోమి గారు ఆ రోజు కుర్చీ వద్దన్నారు. చాప మీద కూర్చున్నారు. వెంటనే మార్తమ్మ వెళ్ళి వాకిట్లో మట్టి మీద కూర్చుంది. సలోమి గారు లేచి వెళ్ళి ఆమె పక్కనే మట్టి మీద కూర్చున్నారు. మార్తమ్మ లేచి కాలవగట్టు వాలులోకి జరిగింది. ఈమె వాలులోకి వెళ్ళారు. మార్తమ్మ రేవు మెట్టు మీదికి దిగింది. ఈమె అదే మెట్టు మీదికి దిగారు. ఒకరితో ఒకరు ఏదో పాత ఆట ఆడుతున్నట్టు ఒక్కో మెట్టూ దిగుతున్నారు. నీళ్ళు పాదాలకి వచ్చాయి, మోకాళ్ళకి వచ్చాయి. సలోమి గారి చీర ఉబ్బి నీళ్ళ మీద విచ్చుకుంది. రేపల్లె పోయే బస్సు గట్టు మీద ఆగిపోయింది. కిటికీలన్నీ తలలే. బాతులు బారుగా వచ్చి ఇద్దరి మధ్య నుంచీ వెళ్ళిపోయాయి. చివరి మెట్టు మీద ఇద్దరూ గొంతుదాకా మునిగి కూర్చున్నారు. పైనుంచి చూస్తే కాలవలో రెండు నెరిసిన తలలు, ఒకే ఎత్తున.

మార్తమ్మ పక్కకి చూసింది. "ఇంకా దిగితే మునిగిపోతానమ్మా" అంది.

"నేనూ మునుగుతాను పిన్నీ" అన్నారు సలోమి గారు. "ఈత రాదు."

మార్తమ్మ నవ్వింది. మొదట గొంతులో, తర్వాత భుజాల్లో. ఆ నవ్వుకి నీళ్ళ మీద గుండ్రాలు లేచి నా కాళ్ళ దాకా వచ్చాయి. నేను మొదటి మెట్టు మీద గొంతుక్కూర్చుని కాగితాలు తడవకుండా మోకాళ్ళ మీద ఎత్తి పెట్టుకుని రాశాను. అలా రాసినా ఒక్క మాట కూడా మార్చలేదు. "ఆళ్ళు నన్ను కొట్టలేదమ్మా" అంది మార్తమ్మ. "కొట్టలేదు గదా, చెప్పటానికి ఏవుందిలే అనుకున్నా. అన్నం పెట్టారు. కోక ఇచ్చారు. కూకో మార్తా అని మాత్రం ఒక్కళ్ళూ అనలా. ఆ మాట ఇనకుండానే ముసిల్దాన్నయ్యా. ఇప్పుడెవరన్నా అంటే, నన్ను కాదులే అనుకుంటా." ఆ మాటలు నీళ్ళ మీదుగా చాలా నెమ్మదిగా వచ్చాయి. పేడ ఎత్తిన పొద్దులు, తల్లి పోయిన రోజున సెలవు దొరకని సంగతి, పెళ్ళయ్యాక కూడా అప్పు తీరక తిరిగి అదే ఇంటికి వెళ్ళిన దారి, అన్నీ చెప్పింది. మేం బయటికి వచ్చేసరికి ఇద్దరి వేళ్ళూ ముడతలు పడి ఉన్నాయి. సలోమి గారిని మార్తమ్మ అప్పుడు ఏమే అమ్మాయ్ అని పిలిచి తన పొడికోక ఇచ్చింది.

బాపట్ల విచారణకి మార్తమ్మ వచ్చింది. కాలవ మాత్రం రాలేదు. హాలులో ఎత్తైన వేదిక, వేదిక మీద కమిటీవారు, కింద సాక్షికి ఒక కుర్చీ. మార్తమ్మ ఆ కుర్చీ పక్కన నిలబడి నేల చూపులు చూస్తోంది. కమిటీ పెద్ద మంచివాడే. కూర్చోండమ్మా అని ఎంతో మెత్తగా అన్నాడు. ఆ మాటకి ఆమె నేల మీద కూర్చోబోయింది. పక్కన జ్యోతి చున్నీ కొస నోట్లో కుక్కుకుంది. ఇంకొక్క నిమిషం అలాగే పోతే అంతా మీ దయండి అనేస్తుందని, పేట కాగితాల్లోంచి జారిపోతుందని నాకు తెలుస్తోంది. అప్పుడు వెనక వరసలోంచి సలోమి గారు లేచి ముందుకి నడిచారు. "మీరు పైన కూర్చున్నంతసేపు ఆమె కూర్చోలేరండి" అన్నారు. "అది ఆమె మర్యాద కాదు. మీరు వెతుకుతున్నది అదే."

కమిటీ పెద్ద కలానికి మూత పెట్టాడు. తర్వాత లేచి, చెప్పులు సరిచేసుకుని, వేదిక దిగి కిందకొచ్చి నిలబడ్డాడు. ఆయన వెనకే మిగతావాళ్ళు దిగారు. గుమాస్తాలు లేచారు, అధికారులు లేచారు, జనం లేచారు. కిటికీలోంచి సముద్రం గాలి వచ్చి అందరి కాగితాల్నీ ఒకేసారి కదిపింది. అంతమంది నిలబడి ఉండగా మార్తమ్మ చీర సర్దుకుని, కుర్చీలో నిండుగా వెనక్కి ఆనుకుని కూర్చుంది. కూర్చుని కాలవలో చెప్పినదంతా చెప్పింది. ఏం ఇస్తే న్యాయమవుతుందమ్మా అని వాళ్ళు అడిగితే, "మా పేటలో ఏం జరగలేదని రాశారంట. జరిగిందని రాయండయ్యా. ఇచ్చేది ఆ తర్వాత నన్నడిగి ఇద్దురుగాని" అంది. జరిగిందని రాశారు. ఆ రోజు సాయంత్రమే, మా కళ్ళముందే. పరిహారం సంగతి ఇంకా ఆలోచిస్తున్నారట.

ఇప్పుడు ఒప్పుకోవాల్సినది ఒకటుంది. కాలవ కథ మీరు నమ్మి ఉండరు. అది నిజం. బాతులూ నిజమే. బస్సు ఆగడమూ నిజమే, టైరు పంచరైంది లెండి. వాళ్ళు వేదిక దిగడం కూడా నిజం. నేను కల్పించింది మార్తమ్మ కుర్చీలో కూర్చోవడం. ఆమె కూర్చోలేదు. అందరూ నిలబడ్డాక తలెత్తింది, కుర్చీ వెనక అంచుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, చెప్పిందంతా నిలబడే చెప్పింది. ఆ రోజు రాసేటప్పుడు కూడా నా చెయ్యి ఇదే కోరింది. కూర్చుని చెప్పారు అని రాద్దామండీ, చదవడానికి బాగుంటుంది అని సలోమి గారి చెవిలో అన్నాను. ఆమె నా కలం మీద వేలు పెట్టి ఆపారు. "కూర్చుందని రాస్తే, ఇంకేం మిగల్లేదంటారు కరీమూ. మిగిలింది. నిలబడి చెప్పారని రాయి." అలాగే రాశాను.

ఇది ప్రభుత్వానికి పోయే కాగితం కాదు. ఒక్క పేరా సేపు ఆమెను కూర్చోబెట్టి చూసుకోవాలనిపించింది, చూసుకున్నాను. సలోమి గారుంటే ఆ వాక్యం చదివి, కళ్ళద్దాలు తీసి, నా వైపు తిరక్కుండా కిటికీలోంచి చూస్తూ ఉండేవారు. ఎవరైనా తమ సంగతి చెబుతుంటే నా నాలిక కొసకి వచ్చే సింహాల్ని ఈనాటికీ ఆ చూపే ఆపుతుంది. నిన్న భట్టిప్రోలు వైపు పని ఉండి వెళ్ళి, మార్తమ్మని చూసి వద్దామని పేటలోకి నడిచాను. నా చొక్కా ఇస్త్రీది. వాకిట్లో అడుగుపెట్టగానే ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది. నేనూ నిలబడే మాట్లాడి వచ్చాను.