ఓడి రావలసిన వాళ్ళు

నా పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్న రోజున మా మామ ఒక మాట ఇచ్చాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, మా ఊరి మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. నాకు కుదిరిన వరుడు అదే జట్టులో గోల్‌కీపర్. రెండో ప్రపంచ యుద్ధం రావడానికి ఏడాదో రెండేళ్ళో ముందు సంగతి ఇది. మిల్లువాళ్ళు మొట్టమొదటిసారిగా జట్టును బెంగుళూరు పంపుతున్నారు. దేశం నలుమూలల నుంచీ జట్లు వచ్చే కప్పు పోటీ. అందులో ఒక్క ఆట ఓడితే చాలు, పెట్టె సర్దుకుని ఇంటికి రావలసిందే.

మాది అరవనాట ఉన్న తెలుగు ఊరు, నెలలూ అరవ నెలలే. పురోహితుడు ఆవణి నెలలో ఒకే ఒక్క మంచి ముహూర్తం చూపించాడు. అది దాటితే పురట్టాసి వస్తుంది. ఆ నెలలో మావాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు. నాయన తటపటాయించాడు.

“కల్యాణం పెట్టుకొని మాపిళ్ళను అంత దూరం పంపేదా?” అన్నాడు. మావాళ్ళు పెళ్ళికొడుకును మాపిళ్ళ అంటారు.

“మేము ఒట్టి కాళ్ళతో ఆడేవాళ్ళము బావా. అక్కడికి వచ్చేది బూట్లు తొడిగిన సోల్జర్లు. మొదటి ఆటలోనే ఓడి, నేరుగా బండెక్కి వస్తాము. నమ్మి పెట్టండి” అన్నాడు మామ.

ఆ మాటలో ఆయనకు చిన్నతనమేమీ కనిపించలేదు, మాకూ కనిపించలేదు. వేసవిలో ఎండ కాస్తుందని చెప్పినట్టే చెప్పాడు. నాయన సరేనన్నాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అప్పటికి నేను ఫుట్‌బాల్ ఆట చూసి ఎరగను. ఆడవాళ్ళు మైదానం వైపు వెళ్ళే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. పెళ్ళికొడుకును కూడా ఒకటి రెండుసార్లు దూరం నుంచి చూశానంతే. మిల్లువాళ్ళ జిన్నింగ్ ఫ్యాక్టరీలో, అంటే గింజ తీసే చోట, పత్తి రకాలు చూసి తేల్చే పని ఆయనది. చేతులు పెద్దవని, మాట తక్కువని మా అమ్మ చెప్పింది.

జట్టు వెళ్ళిన తరువాత పందిలి గుంజలు వచ్చాయి. కుడిపక్క ఇంటి అత్తలు, పిన్నులు కలిసి అప్పడాలు ఒత్తుతున్న మధ్యాహ్నం మిల్లు సంగు వేళగాని వేళలో మోగింది. మా వైపు సైరన్ను సంగు అంటారు. అగ్గి పడిందేమోనని అందరూ వీధిలోకి వచ్చారు. మా అన్న మిల్లు గేటు దాకా పోయి తిరిగి వచ్చాడు.

“తంతి వచ్చింది. మనవాళ్ళు గెలిచినారు” అన్నాడు.

వీధంతా సంతోషించింది. మా ఇంట్లో మాత్రం అందరూ నాయన వైపు చూశారు. అవ్వ, అంటే నాయనకు తల్లి, అడిగింది:

“గెలిస్తే రారా?”

“రారు అవ్వా. మళ్ళీ ఆడాల.”

“ఎవరు చెప్పినారు గెలవమని?” అంది అవ్వ. ఆమె నిజంగానే అడిగింది.

రెండో తంతి ఇంకా చిక్కుగా ఉంది. ఆట ఆడారట, ఎవరూ గెలవలేదట, మళ్ళీ ఆడతారట. నాయనకు ఇది బొత్తిగా అర్థం కాలేదు. మిల్లులో కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక తమిళ మాస్టరు, అంటే పనివాళ్ళ మీద పెద్ద, ఉండేవాడు. ఆయన్ను ఇంటికి పిలిపించి అడిగాడు. ఎవరో ఒకరు గెలిచేదాకా అవే రెండు జట్లూ ఆడాలని, మధ్యలో వచ్చేస్తే ఓడినట్టు రాస్తారని ఆయన చెప్పాడు. “జెయిచ్చా ఇరుక్కణుం, తోత్తా వరణుం” అన్నాడు చివరికి. గెలిస్తే ఉండాలి, ఓడితే రావాలి. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు నిలిచిపోయింది.

పెళ్ళికొడుకు ఒక్కడే అయితే ఒక రకం. మామ కూడా అక్కడే ఉన్నాడు. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావలసినవాడు మేనమామ. ఆయన లేకుండా పెళ్ళి జరపడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. ముహూర్తం దాటితే పురట్టాసి తరువాత వచ్చే ఐప్పసి దాకా ఆగాలి. అంతవరకూ తను ఉంటానో లేదోనని అవ్వ అంది. నాయన మా అన్నను బండెక్కించి బెంగుళూరు పంపాడు, ఇద్దరినీ వెంటబెట్టుకుని రమ్మని.

అక్కడ జరిగింది నాకు అన్న చెప్పినదే. వాడు చేరేసరికి వాన పడుతోంది. రెండోసారి ఆట ఆ సాయంత్రమే. జట్టు దిగిన సత్రంలో మామ కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంటున్నాడు.

“మామా, నాయన రమ్మన్నాడు. మీ ఇద్దరినీ” అన్నాడు అన్న.

“ఆడి వస్తాము.”

“గెలిస్తే?”

మామ తల ఎత్తలేదు. “గెలిస్తే బావకు నేను తంతి కొడతాను. ఐప్పసిలో చేసుకొందాము. ఇంత దూరం వచ్చి, ఆడకుండా వెనక్కు తిరిగితే ఊళ్ళో మొగం చూపించలేము.”

అన్న పెళ్ళికొడుకు వైపు తిరిగాడు. “మీరేమి చెప్తారు బావా?”

ఆయన చేతులకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. “ఆటకు వేళ అయింది” అన్నాడు.

అవతలిది సోల్జర్ల జట్టు. బురదలో వాళ్ళ బూట్లు నిలిచాయి, మనవాళ్ళ ఒట్టి కాళ్ళు జారాయి. అయినా చాలాసేపు ఎవరికీ గోలు పడలేదు. ఆట ముగియబోతుండగా ఒక సోల్జరు దూరం నుంచి కొట్టాడు. బంతి తడిసి బరువెక్కి ఉంది. గోల్‌కీపర్ చేతులకు తగిలి, చేతుల్లో నిలవక లోపలికి పోయింది. ఆయన కుడిచేతి చూపుడు వేలు విరిగింది. ఆట అంతటితో అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో మామ కిటికీ పక్కన కూర్చుని బయటికే చూశాడని అన్న చెప్పాడు. బండి మారిన ప్రతిచోటా జట్టంతా ఒక పక్కన నిలబడితే, పెళ్ళికొడుకు ఇంకో పక్కన నిలబడ్డాడట. వాళ్ళు పెళ్ళి ముందునాటి సాయంత్రం ఊరు చేరారు. మా ఇంట్లో అందరి ముఖాలూ విప్పారాయి. ఓడినందుకు అవ్వ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

మరునాడు పొద్దున మామ నన్ను గంపలో ఎత్తుకున్నాడు. ఎత్తుతూ నా చెవి దగ్గర, “నీ మొగుడు మంచి వేళ చూసి వేలు విరుచుకొన్నాడమ్మా” అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. పీటల మీద కూర్చున్నాక చూస్తే పెళ్ళికొడుకు వేలికి వెదురుబద్ద కట్టి ఉంది. తాళి నా మెడ చుట్టూ తెచ్చాడు కాని ముడి వేయడానికి చేయి సహకరించలేదు. మొదటి ముడి అలా ఇలా పడింది. తక్కినవి మా ఆడపడుచు వేసింది. పందిట్లో ఎవరో నవ్వారు. మామ నవ్వలేదు.

ఆ మాట వేళాకోళం కాదని తరువాత తెలిసింది. బంతిని మా ఆయన కావాలనే వదిలాడని మామ నమ్మాడు. జట్టులో కొందరూ నమ్మారు. మామ మా ఇంటికి వచ్చేవాడు, నా చేతి మజ్జిగ తాగేవాడు, పిల్లలు పుట్టాక వాళ్ళను ఎత్తుకునేవాడు. మా ఆయన ఇంట్లో ఉంటే మాత్రం వీధి అరుగు మీదనే కూర్చుని వెళ్ళిపోయేవాడు. మా ఆయనా లోపలికి పిలిచేవాడు కాదు. ఇద్దరూ ఒకే మిల్లు, ఒకే వీధి. ఇలా ఏళ్ళు గడిచాయి. దీన్ని నేను పెద్ద కష్టంగా చెప్పుకోను. గోడలో ఒక రాయి వంకరగా ఉన్నట్టు, చూసి చూసి అలవాటైపోయింది.

ఒకసారి మా ఆయన్ను అడిగాను. “నిజంగా విడిచినారా?”

“పట్టినాననుకొంటి. జారింది.”

“అప్పుడు మీకు కల్యాణం గుర్తుకు వచ్చిందా?”

“ఆటకు ముందర వచ్చింది. అయినాక వచ్చింది” అన్నాడు. నేను నమ్మాను. నమ్మాను అంటున్నానే గాని, బంతి మనిషి మీదికి ఎలా వస్తుందో నాకు తెలియదు. మొగుడి మాట నమ్మడం వేరు, సంగతి తెలియడం వేరు.

యుద్ధం నడుస్తున్న ఏళ్ళలో మా ఊళ్ళోనే చుట్టుపక్కల జట్లకు ఒక పోటీ పెట్టారు. మంసాపురం, చోళపురం నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు. కాలం కాస్త మారింది. ఆడవాళ్ళు మైదానం అంచున గూడుబండ్లలో కూర్చుని చూడవచ్చన్నారు. నేను మా ఆడపడుచుతో వెళ్ళాను. మా ఆయన అప్పటికి ఆడడం మానేసి, అవతలి గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాడు. మామకు మోకాలు చెడింది. ఆయన మా బండి చక్రానికి ఆనుకుని చూస్తున్నాడు.

చాలాసేపు దుమ్ము తప్ప నాకేమీ కనిపించలేదు. ఎద్దు తల విదిలిస్తే అటు చూశాను. ఇటు తిరిగేసరికి జనం కేకలు వేస్తున్నారు.

“ఏమైంది మామా?”

“గోల్.”

“నేను చూడనేలేదే.”

“చూసేవాళ్ళకే కనబడదు ఒక్కొక్కటి. అంత వేగం” అన్నాడు మామ.

నేను అడగాలని అనుకోలేదు. నోటికి వచ్చేసింది. “అంత వేగంలో వచ్చేదాన్ని చూసి, ఎల్లుండి నాకు కల్యాణం ఉందే అని ఒక మనిషి తలచుకోగలడా మామా?”

ఆట మళ్ళీ మొదలైంది. మా ఆడపడుచు నా మోచేయి నొక్కింది, ఇక చాలన్నట్టు. చాలాసేపటికి మామ నా వైపు చూడకుండానే అన్నాడు:

“ఆ దినం గోలుకు ముందర నిలబడింది నేనే. బంతి మొదట నా కాడికి వచ్చింది. కాలు చాపినాను. జారి పడితిని. నేను తొక్కి ఆపి ఉంటే వాని కాడికి పోయేదే కాదు.”

“ఆ మాట ఎవరికైనా చెప్పినారా?”

“ఎవరూ అడగలేదు. అందరూ గోల్‌కీపర్నే చూస్తారు.”

ఇంటికి వెళ్ళాక ఇది మా ఆయనకు చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. “నాకు తెలుసు. నా కండ్ల ముందరే కదా పడినాడు” అన్నాడు. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే, “వాన పడింది. ఎవరైనా పడతారు” అన్నాడు.

తరువాతి వారం మామ వచ్చి అరుగు మీద ఆగలేదు. లోపలికి వచ్చి, మా ఆయన ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. బెంగుళూరు మాట ఎత్తలేదు. ఈ ఏడు పత్తిలో తేమ ఎక్కువగా ఉంది కదా అని అడిగాడు. ఉందని ఆయన అన్నాడు. ఏ పొలం పత్తి అనేదాని మీద ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. నేను భోజనానికి ఇంకో అరిటాకు వేశాను.