బండ దగ్గరి గుంత

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలకు కుంట అంటే నీళ్లు కాదు, ఆడుకునే బయలు. ఈ మాట కాలేజీలో చెబితే కోస్తా స్నేహితురాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వరూ మరి, కాలువ గట్టున పుట్టినవాళ్లకేం తెలుసు! మా కోడుమూరు వైపు మబ్బు కనిపిస్తే చేతిలో పని ఆపి తలెత్తి చూస్తాం. కుంట నిండడం ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఎప్పుడో ఒకసారి దక్కే భాగ్యం.

ఆ కుంట సర్కారుది కాదు, మా సొంతం. మా నాయనకు నాయనను మేం జేజినాయన అని పిలిచేవాళ్లం. ఆయన తండ్రి కాలంలో మా పొలంలోనే వానకు పారే వంకకు అడ్డంగా కట్ట పోసి, నీళ్లు వదలడానికి ఒక తూము పెట్టించారట. కుంట ఎండిపోయిన ప్రతి ఎండాకాలమూ చుట్టుపక్కల రైతులు అడుగున పేరుకున్న మెత్తటి మట్టిని బండ్లకెత్తి తమ చేలకు తోలుకుపోయేవాళ్లు. జేజినాయన ఎవరినీ కాదనేవాడు కాదు. తవ్వుకునే చోటు మాత్రం తానే దగ్గరుండి చూపించేవాడు. ఊరంతా ఆయన్ని ధర్మాత్ముడు అనేది. నేనూ అనేదాన్ని. ఇప్పటికీ అంటాను గానీ, ఆ మాటతోపాటే ఒక గుంతా గుర్తొస్తుంది.

కుంట నడుమ ఏనుగు పడుకున్నట్టు ఒక పెద్ద బండ ఉండేది. పట్టుకునే ఆటల్లో అది మా ఇల్లు, దాన్ని తాకితే ఎవరూ పట్టుకోకూడదు. నాకు ఆటల్లో జోడు మా మేకలు కాసే ఆయన కూతురు. నాకంటే బెత్తెడు పొట్టి. నోరు మాత్రం నాకంటే పెద్దది. అది ఎంత పెద్ద నోరో నన్ను ఎరిగినవాళ్లు ఊహించుకోవచ్చు. కట్ట దగ్గరి నుంచి బండకు పోయే దారి ఆ పిల్లకు కళ్లు మూసుకున్నా తెలుసు. రోజూ మేకల వెంట నడిచే దారే.

ఒక ఏడు, అంతకుముందు వరుసగా కరువులు చూశాక, ఒక్క వానకే కుంట నిండింది. తెల్లారేసరికి ఊరు ఊరంతా కట్ట మీదుంది. కుంట నిండితే మా ఇంటివాళ్లు గంగమ్మకు చీర పెట్టడం ఆనవాయితీ. మా జేజి, అంటే నాయనమ్మ, కొత్త ఎర్రచీర తెచ్చి, పసుపూ కుంకుమా చల్లి, గాజులు అందులోనే మూటగట్టి నీళ్లలోకి వదిలింది. ముసలివాళ్లు కూడా అంచున కూర్చుని కాళ్లు తడుపుకుంటూ పిల్లల్లా నవ్వారు. మా ఊళ్లో అంతమంది ఒకేసారి నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

నాకు ఆరోజు పట్టుపావడ కట్టారు. తడిపితే తోలు తీస్తానని జేజి ముందే చెప్పింది కాబట్టి కట్ట మీదే నిలబడ్డాను. నా జోడు నన్ను చూసి మూతి తిప్పింది.

"ఏం దొరసానీ, పట్టుపావడ మాసిపోతాదా? ఆడ్నే నిలబడు. నేను బండెక్కి నిన్ను కేకేస్తా!"

"మునుగుతావే!"

"మునిగేదానికి ఇదేమన్నా సముద్రమా? నేను రోజూ నడిచే దావ గదా."

నడిచింది. నీళ్లు మోకాళ్లదాకా, నడుం దాకా వచ్చాయి. తర్వాత మెరక తగిలిందేమో మళ్లీ మోకాళ్లకు దిగాయి. వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు నాకు చెయ్యి ఊపింది. ఇంకొక అడుగు వేసింది. అంతే. అరుపు లేదు, చప్పుడు లేదు. చెయ్యి ఊపిన చోట నీళ్లు మూసుకున్నాయి.

నేను కేకలు పెట్టాను. మగవాళ్లు దూకారు. దూకారు గానీ మా ఊళ్లో ఈత వచ్చినవాళ్లెందరు? నేర్చుకోవడానికి నీళ్లుంటే కదా! బురదనీళ్లలో చేతులు తడిమి తడిమి పైకి వచ్చారు. జేజినాయన పరుగున వచ్చి, ఎక్కడ అని అడిగాడు. నేను వేలు చూపించాను. ఆ వేలు చూపిన చోటు చూసి ఆయన కట్ట మీద కూలబడ్డాడు.

"ఆడ తవ్వుకోమని చెప్పింది నేనే" అన్నాడు.

వాన ఇక రేపో మాపో అనగా చివరి బండ్లకు ఆయన చూపించిన చోటు అది. మేమంతా బడిలో ఉన్న వేళ తవ్వుకుపోయారు, ఆ రాత్రే వాన పడింది. నిటారు గోడలతో బావిలాంటి గుంత. మా పిల్లలెవ్వరికీ తెలియదు. అది తెలిసిన మనిషి ఆ ఉదయం అందరితోపాటు నవ్వుతూ నీళ్లు చూస్తున్నాడు.

ఆ పిల్ల తల్లి చేలో తెగిన గట్టు పూడుస్తూ ఉండి వచ్చింది. గుండెలు బాదుకోలేదు. "నా పాపను నాకు చూపీ రెడ్డీ" అని ఒక్క మాట అంది. జేజినాయన లేచి తూము తెరవమన్నాడు.

అప్పుడు మొదలైంది గొడవ. వరుసగా ఏళ్లు బుడ్డల పైరు, అదే వేరుశెనగ, ఎండిపోయింది, బావుల్లో చుక్క లేదు, ఊరు అన్ని ఏళ్లు ఆ నీళ్ల కోసం కాచుకుంది. శవం దానంతటదే తేలుతుంది, ఒకటి రెండు రోజులు ఆగమన్నారు. అన్నవాళ్లను ఆ వయసులో తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను, వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు, ఆ పిల్లలకూ అన్నం కావాలి.

"పెద్దరెడ్డీ, నీళ్లప్పా అవి! మళ్లా యాన్నుంచి తెస్తావు?"

"దేవుడిస్తే మళ్లా వస్తాయి. ఆ పాప మొగం తేలేదాకా ఉంటాదా? తీయండి తూము."

సర్కారు చెరువైతే ఆయన మాట చెల్లేది కాదు. సొంతం కాబట్టి చెల్లింది. సొంతం కాబట్టే ఆ పాపమూ ఆయన ఒక్కడిదే అయింది. మర్నాడు పొద్దెక్కేదాకా నీళ్లు ఎండిన వంకలోకి పోతూనే ఉన్నాయి. ఊరు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. చివరికి బండ పక్కన ఆ పిల్ల దొరికింది. బండకు చెయ్యి చాపితే అందేంత దగ్గర.

తూము దగ్గరి బురదలో గంగమ్మ చీర కూడా బయటపడింది.

బురద ఆరాక జేజినాయన ఊళ్లో పిల్లలందరినీ కుంటలోకి పిలిచాడు. కథ చెప్పలేదు, బుద్ధులు చెప్పలేదు. ముందు నన్ను ఎత్తి ఆ గుంతలోకి దించాడు. చేతులు పైకి చాపమన్నాడు. చాపాను. మునివేళ్లమీద లేచాను. అంచు అందలేదు. నాకే అందలేదు, ఆ పిల్ల నాకంటే బెత్తెడు పొట్టి. పైన ఆకాశం ముక్క, జేజినాయన తల కనిపిస్తున్నాయి. ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన వెంటనే తీయలేదు. ఆ ఆలస్యానికి చాలాకాలం కోపం పెట్టుకున్నాను. తీశాక నా తల నిమురుతూ, "నేల తెలిస్తే నీళ్లు తెలిసినట్టు గాదు తల్లీ" అన్నాడు. ఒక్కొక్కరినీ అలాగే దించాడు, తీశాడు.

తర్వాత ఉతికి ఆరేసిన గంగమ్మ చీరను తెచ్చి పర్రున చించాడు. జేజి గుండె మీద చెయ్యేసుకుంది.

"అమ్మోరికి పెట్టిన చీర చింపుతాండావా? కండ్లు పోతాయి నీకు!"

"పోనీలే. ఉన్నప్పుడు ఈ కండ్లు చూసిందేముండాది?"

జేజి చీర రెండో కొస అందుకుంది. తనూ కూర్చుని పేలికలు చింపింది. పొడుగాటి వెదుర్లకు వాటిని కట్టి ప్రతి గుంత అంచునా పాతారు. ఇక మీదట మట్టి తవ్వితే బండి దిగేటంత ఏటవాలుగా తవ్వాలని, నిటారు గుంత తవ్వినవాళ్లకు మట్టి లేదని చెప్పాడు. ఆయన బతికున్నంత కాలం తొలకరికి ముందు పిల్లలను వెంటబెట్టుకుని ఎండిన కుంటంతా నడిపించేవాడు. ఆ పిల్ల తల్లి కూడా వచ్చి అందరికంటే వెనక నడిచేది. ఆయనతో మాట్లాడేది కాదు. ఎక్కడైనా వెదురు వాలి ఉంటే నిలబెట్టి మట్టి తొక్కేది. ఆమె తొక్కినంతసేపూ ఆయన తల దించుకుని నిలబడేవాడు. క్షమించిందో లేదో ఆయనకు తెలియకుండానే పోయాడు.

ఇప్పుడా కుంట మా చిన్నాయన కొడుకు చేతిలో ఉంది. కాలువ నీళ్లు కుంటకు వస్తున్నాయని తెలిసి, షికారుకు వచ్చేవాళ్ల కోసం బోట్లు తెచ్చాడు, గొడుగుల కింద కుర్చీలు వేశాడు. అంతకుముందు జేసీబీతో అడుగంతా తోడించాడు.

"గండికోటకు అంత జనం పోతాండారు, మన కాడికి రారా అక్కా?"

"రానీరా. గుంతలకాడ ఎర్రగుడ్డలేవీ?"

"ఫొటోల్లో బాగుండవు. గేటుకాడ బోర్డు పెట్టినాం గదా, లోతు అని."

"బోర్డు గేటుకాడుంది, గుంత నీళ్ల కిందికి పోతాది. ఈత రానోడు ఏది చూసి ఆగాలప్పా?"

వాడికి నేను నోటిదురుసు ఆడదాన్ని. ఉండనీ. ఆ కుంటలో నా భాగమూ ఉంది, గుడ్డలు కట్టేదాకా ఒక్క బోటు దిగదని కట్ట మీద కూర్చున్నాను. చివరికి విసుక్కుంటూ కట్టించాడు, తాళ్లు కట్టించాడు, ఎక్కినవాళ్లందరికీ తేలే చొక్కాలు తొడిగిస్తున్నాడు. నీళ్లు రాకముందు అక్కడ పనిచేసేవాళ్లనూ వాళ్ల పిల్లలనూ నేనే అడుగంతా నడిపించాను. ఏటవాలు చేయించగా మిగిలిన ఒక గుంతలోకి నేను దిగి చూశాను. అంచు నా భుజాలకు వచ్చింది.

చాల్లే అక్కా, నీకు భుజాల లోతే గదా, ఇంకా ఏం భయం అన్నాడు తమ్ముడు. నేను ఆ గుంత పక్కన ఇంకో వెదురు పాతించాను. నేను ఎదిగాను, ముసలిదాన్నవుతున్నాను. ఆ పిల్ల మాత్రం అంతే ఉంది. నిండిన నీళ్లు ఎక్కడ కనిపించినా నేను కొలిచేది ఆ పిల్ల ఎత్తుతోనే.