తోడల్లుడి తేలిక ఉండలు

మా తోడల్లుడంటే నాకు పడేది కాదు. కారణం చెబితే నవ్వుతారు. అతను మట్టి ఉండలు నాకంటే బాగా చేస్తాడు.

చిమిండైంగ్‌లో మా వీధివాళ్ళకి ఒక పిచ్చి ఉండేది. ఆదివారం పొద్దున్నే ఏటి ఒడ్డున చేరి కౌబాయ్ ఆట ఆడేవాళ్ళం. తలమీద గడ్డి టోపీలు, నడుముకి చెప్పులు కుట్టేవాడి చేత కుట్టించిన తోలు ఒరలు. ఒరలో తుపాకీ ఉండదు, ఉండేలు ఉంటుంది. బల్లమీద ఐదు ఖాళీ పాలడబ్బాలు పెడతారు. ఈల వినగానే ఉండేలు దూసి, వరసగా ఐదూ పడగొట్టాలి. ఉండలు కూడా ఐదే. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్ళదే గెలుపు. డబ్బా పడకుండా మిగిలితే ఒక్కోదానికి ఐదు సెకండ్లు కలుపుతారు. వీధి చివర టీకొట్టు పెద్దాయన ఫోన్ చేతిలో పట్టుకుని సమయం చూసేవాడు. అందరం ఆయన్ని ఊలే అని పిలిచేవాళ్ళం, బర్మా మాటలో బాబాయి అని.

నా గురి సంగతి అడక్కండి. బల్ల ఒకచోట ఉంటే నా ఉండ ఇంకోచోట పడేది. మా ఇంట్లో ఆటగాడు నేను కాదు, నా భార్య. పగలంతా దర్జీ షాపులో కాజాలు కుట్టే మనిషి, ఉండేలు పడితే మగవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆమె ఉండలు మాత్రం నేను చేసేవాణ్ణి. చౌక్తడాలో ఒక వకీలు దగ్గర గుమాస్తాని. ఆఫీసునుంచి రాగానే చొక్కా విప్పి మట్టి ముందు కూర్చునేవాణ్ణి. ఏటి ఒండ్రు జల్లించి, పిసికి, అరచేతుల మధ్య ఉండ చేసి, రెండు రోజులు నీడలో, ఒకరోజు ఎండలో ఆరబెట్టేవాణ్ణి. ఆమె గెలిచినప్పుడల్లా నేను మీసం దువ్వుకునేవాణ్ణి. ఆ గెలుపులో సగం నాదే అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే, సగం కంటే కాస్త ఎక్కువే.

అలాంటి సమయంలో మా మరదలి మొగుడు ఈ ఆటలోకి దిగాడు. వాళ్ళ పెద్దలు గంజాం నుంచి వచ్చినవాళ్ళు, అతనికి బోటాటౌంగ్ గోదాముల్లో పని. నోరు తెరిస్తే నవ్వే. మా అత్తగారికి చిన్నల్లుడంటే ప్రాణం. అతను మట్టిలో ఊక బూడిద కలిపి, ఉండలు తేలిగ్గా చేశాడు. ఒక్కొక్కదాన్నీ చిన్న త్రాసులో తూచి, తేడా ఉన్నవాటిని పక్కన పడేసేవాడు. మొదటి సంచి తెచ్చి నా భార్య చేతికిచ్చాడు.

"వదినా, రబ్బరు సెవిదాకా లాగక్కర్నేదు. గెడ్డందాకా సాలు. సెయ్యి అదరదు, ఉండ ఎలిపోద్ది."

ఆమె ఐదు డబ్బాలూ పడగొట్టి ఊలే వైపు చూసింది. ఆయన ఫోన్ చూసి, ఇంకోసారి చూసి, "కౌన్డే!" అని కేకేశాడు. చాలా బాగుందని. ఎప్పుడూ లేనంత తక్కువ సమయం.

"డబ్బాకి తగిలితే పడాలి కదా, గాలికి కొట్టుకుపోయే ఉండలేమిటి?" అన్నాను.

"పడ్డాయి కదేటి మావా," అంది నా భార్య, నా వైపు చూడకుండానే.

ఆ రోజునుంచి నా ఉండలు అటకెక్కాయి. నేను చేస్తూనే ఉన్నాను, ఆమె వాడటం మానేసింది. అత్తగారు వచ్చినప్పుడల్లా "సిన్నబాబు సేతిలో ఏటుందో గానీ" అని మొదలుపెట్టేది. అన్నం సహించేది కాదు. ఆఫీసులో కాగితాలు తిరగేస్తూ కూడా ఆ బూడిదరంగు ఉండలే కళ్ళముందు. ఆమె ఓడిపోవాలని మాత్రం నేనెప్పుడూ కోరుకోలేదు. గెలవాలి, కానీ నా చేతిమీదుగా గెలవాలి.

వానలు వెనకబట్టాక నాలుగు వీధులవాళ్ళూ కలిసి పెద్ద పోటీ పెట్టారు. ఆ పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే, నేను ఆమె నడుంసంచిలోని ఐదు ఉండల్లోంచి రెండు తీసేసి, నావి రెండు వేశాను. పరిమాణం ఒకటే. రంగు తెలియకుండా ముందే బూడిదలో దొర్లించి ఉంచాను. గెలిచాక ఆమెతో నెమ్మదిగా, "అందులో రెండు నావే" అనాలని నా ఆశ.

ఈల మోగింది. మొదటి డబ్బా పడింది. రెండో ఉండ పట్టుకున్నప్పుడు ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వెంటనే రబ్బరు చెవిదాకా లాగి వదిలింది. డబ్బా పడింది. మూడోదీ అలాగే లాగింది. అది తేలికది, డబ్బా పైనుంచి వెళ్ళిపోయింది. నాలుగోది గడ్డందాకానే లాగింది. అది నాది, బరువుది. కిందికి దిగి బల్ల అంచుకి తగిలి ముక్కలైంది. ఐదోది పడింది. రెండు డబ్బాలు అలాగే నిలబడి ఉన్నాయి. ఊలే పది సెకండ్లు కలిపి చెప్పాడు. ఆమె పోటీలోంచి బయటికి వచ్చేసింది.

మా తోడల్లుడు పరిగెత్తుకెళ్ళి బల్లకింద ఉండ ముక్కలు ఏరాడు. పైన బూడిదరంగు, లోపలంతా గోధుమరంగు మట్టి. ఇక దొరికిపోయాననుకున్నాను.

"అయ్యో వదినా, తప్పు నాదే," అన్నాడు. "బూడిద లోపలికి పట్టనేదు. సరిగ్గా పిసకనేదు నేను. సూడు, పైపైనే ఉండిపోనాది."

అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నా భార్య ఆ ముక్కని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఏటివైపు తిరిగాను.

ఇంటికి నడుస్తుంటే ఆమె అంది: "రెండోది నీదే. వేళ్ళకి తగిలినప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళు నీ ఉండలే కదా కొట్టినాను."

"నువ్వు గెలవాలనే వేశాను."

"నాకు తెల్సు. నానోడిపోనానని కాదు నా బాద. ఆ మనిషి తనే తప్పు సేసినానని ఏడుస్తన్నాడు. ఎల్లి సెప్పు."

ఆ సాయంత్రమే వెళ్ళాను. అతను త్రాసుని గుడ్డలో చుడుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే, "అన్నా, ఇంక నువ్వే సెయ్యి. నా సేతికి ఆ పనితనం నేదు," అంటూ ఊక బూడిద సంచి నా చేతిలో పెట్టాడు. ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాను. చెప్పాల్సింది చెప్పకుండానే సంచి తీసుకుని వచ్చేశాను.

గుమ్మంలో నా చేతిలో సంచి చూడగానే నేను చెప్పలేదని ఆమెకి అర్థమైపోయింది. తిట్టలేదు. సంచి లాక్కుని లోపలికి తీసుకుపోయింది. నేను మట్టి జల్లెడ తీస్తుంటే, "ముట్టుకోకు," అంది, అంతే. అప్పటినుంచి ఉండలు తనే చేసుకుంటోంది. తర్వాతి పోటీలో వాటితోనే గెలిచింది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా తోడల్లుడు. ఆ గెలుపులో అతని ఉండ ఒక్కటీ లేదు. అయినా టోపీ ఎగరేసి, గెంతి, నా భుజం చరిచి మరీ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను, కొడుతూ అతని చేతులవైపే చూస్తున్నాను. అతను ఉండలు బాగా చేసినప్పుడు కూడా నాకు అంత కుళ్ళు పుట్టలేదు.