సీసం పెట్టెకు ఆయుధపూజ

మా మిల్లులో బాయిలర్‌కి బొగ్గు దిగే పెద్ద గరాటు తొట్టి, హాపర్ అంటారు, దాని పక్కన ఒక సీసం పెట్టె ఉండేది. చూడటానికి అన్నం క్యారియరంత ఉంటుంది గానీ, ఇద్దరు మనుషులు పట్టినా కదలదు. అంత బరువూ లోపలున్న చిటికెన వేలి గోరంత రేడియోధార్మిక పదార్థాన్ని కట్టడి చెయ్యడానికే. దాన్నుంచి వచ్చే కిరణం హాపర్‌కి ఈ గోడ నుంచి ఆ గోడకు పోతుంది. మధ్యలో బొగ్గుంటే అవతలున్న పరికరానికి అందదు. బొగ్గు తగ్గితే అందుతుంది, కంట్రోల్ రూములో దీపం వెలుగుతుంది. అంతే దాని ఉద్యోగం.

హాపర్‌లోకి మనిషి దిగాల్సి వస్తే మాత్రం పెట్టె మీదున్న పిడి తిప్పి, కిరణం వచ్చే సందు మూసి, తాళం వెయ్యాలి. ఆ తాళం సంగతి చూడటం, కిరణాలు కొలిచే మీటరు పట్టుకుని దాని చుట్టూ తిరగడం నా ఉద్యోగం. దీనికోసం నన్ను శిక్షణకు పంపి, పరీక్ష రాయించి, చొక్కాకు తగిలించుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చారు. నా ఒంటికి ఎంత సోకిందో ఆ బిళ్ల చెబుతుంది.

ఏళ్ల తరబడి ఆ పెట్టె ఎవర్నీ ఏమీ అనలేదు. దాంతో వచ్చిన చిక్కే అది. కరెంటు తీగ అయితే ఒకసారి చురుక్కుమనిపిస్తుంది, ఇక జన్మలో దాని జోలికి పోము. దీనికి రంగు లేదు, వాసన లేదు, వేడి లేదు. భయపెట్టడానికి ఉన్నదల్లా పైన అంటించిన పసుపుపచ్చ రేకు. దాని మీద మూడు రెక్కల గుర్తు చూసి, "సార్, దీనికి ఫ్యాను యాడుండాది?" అని ఒకాయన నన్ను నిజంగానే అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ఏటా నేనిచ్చే భద్రతా ఉపన్యాసానికి ముందు వరసలో కూర్చునే మనిషి ఆయన.

ఆ ఏడు ఆయుధపూజకు నేను సెలవు పెట్టి కార్వేటినగరంలో మా అత్తగారింటికి పోయాను. మిల్లులో పండగ ఎలా జరుగుతుందో నాకు తెలియనిది కాదు. ముందు రోజే మోటార్లు తుడిచి, పైపులకు రంగేసి, స్పానరు దగ్గర్నుంచి టర్బైను దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెడతారు. గుమ్మడికాయ పగలగొడతారు. బొరుగులు, బెల్లం, శనగలు పొట్లాలు కట్టి పంచుతారు. ఎన్నడూ సీసం పెట్టె జోలికి పోయినవాళ్లు లేరు. ఆ ఏడే కొత్తగా మా షిఫ్టుకు మారిన ఫోర్‌మన్ ఉన్నాడు. తిరుచానూరు మనిషి, పెద్దాయన, అమ్మవారికి దండం పెట్టుకోకుండా డ్యూటీకి రాడు. తర్వాత నేను నిలదీస్తే ఆయన చెప్పింది ఒకటే మాట.

"అన్నిటికీ బొట్టు పెట్టి దాన్నొకదాన్ని ఇడిసిపెడితే ఎట్ల సార్? రేయింబగలూ అదీ పని చేస్తానే ఉండాది గదా!"

అలా దానికీ పూజ జరిగింది. పెట్టెకు వెండిరంగు పెయింటు వేశారు. తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే గీతలు ఆ పెయింటు కిందికి పోయాయి. పసుపుపచ్చ రేకు మీద అరచేతి మందాన గంధం, దాని మీద ఇంత కుంకుమ. రంగు వెయ్యడానికి అడ్డమని తీసిన తాళాన్ని పూజసామాను బీరువాకు వేశారు. పిడి అడుగున, దిష్టి తగలకుండా, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ ఇనుప తీగకు గుచ్చి గట్టిగా కట్టారు.

పండగ వెళ్లగానే వానలు పట్టుకున్నాయి. తడిసిన బొగ్గు హాపర్‌లో అట్టకట్టి కిందికి దిగడం మానేసింది. బాయిలర్‌లో ఆవిరి పడిపోతోందని పైనుంచి ఒకటే కేకలు. ఫిట్టరు పెట్టె పిడి తిప్పాక, గడ్డపార ఇచ్చి, నడుముకు తాడు కట్టి ఒక మనిషిని రోజూ లోపలికి దించారు.

ఆ మనిషి కాంట్రాక్టు కూలీ. ఊరు నగరి. వాళ్ల ఇంట్లో అందరూ పవర్‌లూమ్ నేసేవాళ్లే. మగ్గాలకు పని తగ్గితే మా మిల్లుకు వచ్చాడు. పెళ్లైన చాన్నాళ్లకు భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆదివారం వస్తే చాలు, మధ్యాహ్నానికల్లా నగరి బస్సులో ఉండేవాడు. "ఏమప్పా, నువ్వు గానీ కంటా ఉండావా ఏంది?" అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

నేను సెలవు నుంచి వచ్చిన పొద్దున, అలవాటు కొద్దీ మీటరు పట్టుకుని హాపర్ వైపు నడిచాను. పెట్టె పిడి తిప్పి ఉంది. అయినా, మూసి ఉన్నప్పుడు కదలని ముల్లు లేచి నిలబడింది. మీటరు చెడిందేమోనని ఒకసారి తట్టాను. అప్పుడు లోపల్నుంచి గడ్డపార చప్పుడు వినపడింది.

"ఎవరబ్బా లోపల? పైకి రా! ముందు పైకి రా!" అని అరిచాను.

ఒళ్లంతా బొగ్గు, కళ్లు మాత్రమే తెల్లగా, పైకొచ్చాడు. వచ్చినవాడు తిన్నగా సీసం పెట్టె ముందు నుంచే నా వైపు రాబోయాడు. నేను రెండు చేతులూ చాపి, "ఆడే నిలబడు! దగ్గరికి రావద్దు!" అన్నాను. పెట్టె ముందు నుంచి రావద్దని నా ఉద్దేశం. అతనికి వినపడింది మాత్రం నా దగ్గరికి రావద్దని. అవతల పక్క నుంచి చుట్టి రమ్మని చెప్పేలోపే అతని ముఖం మారిపోయింది.

పిడి తిప్పిన ఫిట్టరు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "మూసినాను సార్. తిరిగినంత కాడికీ తిప్పినాను" అన్నాడు. అబద్ధం కాదు. తిరిగినంత వరకూ తిప్పాడు. ఇనుప తీగతో బిగిసిన నిమ్మకాయ పిడికి అడ్డుపడి, సందు సగంలోనే ఆగింది. గీతలు కనపడితే సగమని తెలిసేది. తాళం ఉంటే, పూర్తిగా మూయనిదే పట్టదు, అప్పుడే బయటపడేది. రెండూ పండగకు పోయాయి.

నేను ఫోర్‌మన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన గుడ్డ తెచ్చి, ఆ గంధాన్ని తనే తుడిచాడు.

తర్వాత చెయ్యాల్సినవన్నీ చేశాం. తెలపాల్సిన చోటికి తెలిపాం. అతను నిలబడిన చోటికి పొడుగాటి కర్రకు కట్టిన మీటరును దించి కొలిచాం. తిరుపతికి తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించాం. తేలిందేమిటంటే, అతనికి సోకింది చాలా తక్కువ. ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీయించుకుంటే పడేంత కూడా కాదు. నిమ్మకాయ సగమైనా మూయనిచ్చింది, దిగినప్పుడల్లా వాన చల్లదనానికి అతను తొందరగా పైకొచ్చేవాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఈ మాట అతనికి చెబితే సంతోషిస్తాడనుకున్నాను.

"అది నాకు అంటుకునిందా సార్?" అన్నాడు.

అంటుకునేది కాదని చెప్పాను. దీపం వెలుతురు ఒంటి మీద పడుతుంది, దీపం ఆర్పితే వెలుతురు ఒంటికి పట్టుకుని ఉండదు కదా, ఇదీ అంతే అన్నాను. నువ్వు ఎవర్ని ముట్టుకున్నా వాళ్లకేం కాదన్నాను. బాగానే చెప్పాననుకుంటాను. అతను అంతా విని నా చొక్కా వైపు చూశాడు.

"మీకు బిళ్ల ఉండాది. నాకు లేదు గదా."

"నాకు రోజూ దాంతోనే పనప్పా, అందుకు."

"సరే సార్. నాకు పడినంతే, మీరూ ఒకసారి లోపల నిలబడండి. నేను నమ్మేస్తాను."

అవసరం లేకుండా ఒక్క పిసరు కూడా పడనివ్వకూడదు, మా పనికి మొదటి నియమం అది. ఆ నియమం మంచిదే. దాన్ని విడమరిచి చెప్పాను. ఎంత విడమరిస్తే అంత పిరికివాడి మాటల్లా ఉన్నాయి.

"అంతే గదా సార్," అని లేచిపోయాడు. మర్నాటి నుంచి పనికి రాలేదు.

చాన్నాళ్లకు ఫిట్టరు కబురు మోసుకొచ్చాడు. ఆడబిడ్డ పుట్టిందట. తల్లీ బిడ్డా బాగున్నారట. "ఆయప్ప మాత్రం వసారాలోనే పడుకుంటా ఉండాడంట సార్. గిన్నె వేరే, చెంబు వేరే. బిడ్డను ఒక్కసారన్నా ఎత్తుకోలేదంట. ఎవురు చెప్పినా ఇనడం లేదంట."

నాకు ముందు కోపమే వచ్చింది. లెక్క కట్టి చూపించిన తర్వాత కూడా ఈ మొండితనమేమిటి? ఆ కోపంతోనే మేనేజరును అడిగి, మీటరు సంచిలో పెట్టుకుని, ఆదివారం నగరి బస్సెక్కాను.

వాళ్ల వీధిలో అడుగు పెడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. ప్రతి ఇంట్లో మగ్గాలు దడదడలాడుతున్నాయి. అతను వసారాలో ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, ఇంకా దూరం జరిగాడు. వసారాకూ ఇంటికీ మధ్య గ్రానైటు పలకల అరుగు. ఎండ పడకుండా తడికకు చీర కట్టి, ఆ చల్లటి పలకల మీద మెత్తటి బొంత పరిచి బిడ్డను పడుకోబెట్టారు. భార్య పక్కన కూర్చుని విసురుతోంది. సన్నటి మనిషి, చురుకైన చూపు.

"మీరేనా ఆ సారు? దగ్గరికి రావద్దనింది మీరే గదా?" అంది.

మీటరు తీసి, అతని చేతుల మీద, ఛాతీ మీద, తల మీద తిప్పాను. ముల్లు చూపించాను. అతను చూశాడు, నమ్మలేదు. ఇంతలో కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మీటరు చప్పుడు పైకొచ్చింది. టక్. కాసేపాగి, టక్.

"అయ్యో, టక్కుటక్కు అంటా ఉండాదే!" అని భార్య లేచి నిలబడింది. అతను గోడకు అతుక్కుపోయాడు.

"అది ఆయన వల్ల కాదమ్మా. గాలిలో, మట్టిలో, అన్నిట్లో కొంచెం ఉంటుంది. మన రాళ్లలో అయితే ఇంకా జాస్తి. కావాలంటే చూడండి," అని, రుజువు చెయ్యకుండా ఉండలేని నా బుద్ధి కొద్దీ, మీటరు తీసుకుపోయి బొంత పక్కన గ్రానైటు పలక మీద పెట్టాను.

టక్, టక్, టక్టక్, టక్.

"చూశారా? ఈయన కంటే ఈ రాయే..." అన్నాను. మాట పూర్తి కాలేదు. గోడ దగ్గరున్న మనిషి ఒక్క ఉదుటున వచ్చి, నన్ను భుజంతో నెట్టి, వంగి, బొంతతో సహా బిడ్డను ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. అలాగే అరుగు దాటి ఇంట్లోకి పోయి మట్టి నేల మీద నిలబడ్డాడు.

"ఆ రాయి మింద ఎందుకు పండబెట్టినావే దీన్ని!" అని భార్య మీద అరిచాడు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. అతను భుజాన వేసుకుని వీపు తట్టడం మొదలుపెట్టాడు.

ఆ రాయి వల్ల ఎవరికీ ఏమీ కాదు. ఆ పలకల మీద పుట్టి పెరిగిన ముసలివాళ్లు ఆ వీధి నిండా ఉన్నారు. ఆ మాట చెప్పడం నా ధర్మం. "చూడప్పా, ఆ రాయి కూడా..." అని నోరు తెరిచాను.

ఆమె నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు. విసనకర్ర పట్టుకున్న చెయ్యి అడ్డంగా ఊపింది.

"గమ్మునుండండి సార్," అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

నేను మీటరు ఆపేశాను.