గొట్టం గోలి, మా చెల్లె చెవి

మొన్న చెల్లెను దవాఖానకు తీస్కపోదామని నల్లగొండల దాని యూనివర్సిటీ హాస్టల్‌కు పోయిన. గది తలుపు తియ్యంగనే గుప్పుమని గొట్టం గోలి వాసన. చెల్లె మంచం మీదున్నది. దాని దోస్తు శ్రావణి క్యాప్సూల్ ఇప్పి, లోపలి పొడి చెంచల పోసి నీళ్లు కలుపుతున్నది, ఆమెకు జలుబైందట, గోలి గొంతు దిగదట. ఆ చేదు వాసనకు మర్రిగూడ దిక్కు మా ఇల్లు యాదికొచ్చింది, ఎంబడే కోపం గూడ వచ్చింది.

తెలంగాణ కోసం ఉద్యమం నడుస్తున్న రోజులు. నేను బడికి పోతున్న, చెల్లె లక్ష్మి ఇంకా పోతలేదు. వానకాలం వచ్చిందంటే పత్తిచేన్ల పచ్చి వాసన, నిప్పుల మీద చిటచిటమనే మక్కకంకులు, గంజు అడుగున కరకరలాడే సర్వపిండి, బురద వాకిట్ల తొక్కుడుబిళ్ల ఆడి ఆడి ఒరుసుకపోయిన కాలివేళ్లు, వీటన్నిటితోని పాటు చెల్లె చెవి కారుడు గూడ మొదలయ్యేది. దిండు మీద చీము మరకలు. బాపు భుజం మీదేసుకొని దవాఖానకు తీస్కపోయేటోడు. డాక్టరమ్మ గొట్టం గోలీలిచ్చి "చెవి ఆరినా సరే, మొత్తం మింగియ్యాలె" అని మరీ మరీ చెప్పేది.

అమ్మను మేం అవ్వ అంటం. అవ్వ మంచిగ తలూపేది. ఇంటికొచ్చి పొడి బెల్లంల కలిపి నాకించేది. చెవి ఆరంగనే ఆపేది. "తక్కువైనంక మందెందుకే, పెయ్యి వేడి జేస్తది" అనేది. మిగిలినయి గూట్ల కుంకుమ బరిణె పక్కన భద్రంగ దాచేది. బాపుకు దగ్గొస్తే అండ్లకెల్లి ఒకటి, నా మోకాలు కొట్టుకపోతే ఇంకొకటి ఇప్పి పుండు మీద పొడి, కోళ్లకు కొక్కెర రోగమొస్తే ముక్కు తెరిచి గొంతుల ఇంత. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు పంచినట్టు వాడకట్టంత గోలీలు పంచేది మా అవ్వ. అడిగినోళ్లకు ఎన్నడు లేదనలే.

మళ్ల వానలు, మళ్ల చీము. పోయినేడు పనిజేసిన మందు ఈయేడు పనిజెయ్యకపోయేది. అట్లట్ల చెల్లె ఎడమ చెవి మొత్తమే పోయింది. బతుకమ్మ ఆడంగ ఆ పక్కకెల్లి ఎవరన్న పిలిస్తే పలికేది కాదు, పిల్లలు దీనికి పొగరన్నరు. అవ్వ దాన్ని ఒళ్లె కూసోపెట్టుకొని "మంచిగైతదనే ఇచ్చిన గద బిడ్డా" అని మస్తు ఏడ్చింది. అవ్వ మీద నాకు కోపం లేదు. డాక్టరమ్మ మొత్తం మింగియ్యమన్నది గని, అట్లెందుకు మింగియ్యాల్నో అవ్వకు ఎవ్వరు ఇడమర్చి చెప్పలే.

మరి ఈ యూనివర్సిటీ పిల్లలకేమైంది? శ్రావణి చదివేది సైన్సు. మందు సగంల ఆపితే మిగిలిన పురుగులు మొండివడతయని పరీక్షల రాసి మార్కులు గూడ తెచ్చుకున్నది.

"జలుబుకు ఈ గొట్టం గోలి ఎందుకే?" అన్న.

"పవర్‌ది అక్కా, రెండేసుకుంటే రేపు ల్యాబుకు పోత. మిగిలినయి లక్ష్మికిస్త, చెవి నొస్తున్నదట పాపం."

నొస్తున్నది కుడి చెవి! దానికున్నది అదొక్కటే! చీము పరీక్ష చేపిస్తే మామూలు గోలీలు దీనికి పనిజెయ్యవని తేలింది, ఇగ సూదులే దిక్కని, అవైనా పనిజేస్తయో లేదో చూద్దామని డాక్టరు చెప్పిండు. ఆ సూదికే నేను తీస్కపోతున్న. ఈ పిల్లేమో ప్రేమగ మిగిలిన గోలీలు చేతుల పెడ్తానంటది!

శ్రావణి చేతుల గోలీల అట్ట గుంజుకున్న. "చదువుకున్నరా, గాడిదలు కాసిన్రా? మా అవ్వకు తెల్వదు, మీకేం రోగం? తెలిసి తెలిసి దాని చెవి తీస్తరా?" నా లొల్లికి పక్క గదులోళ్లంత వచ్చి తలుపుకాడ నిలవడ్డరు. శ్రావణి బిక్కమొఖం పెట్టింది. పెట్టనియ్యి. మా అవ్వ పోయింది, ఆ గూడు పోయింది, కోళ్లు లేవు, తొక్కుడుబిళ్ల ఆడిన వాకిట్ల సిమెంటు పోసిన్రు. పోవాల్సిన ఈ పాడు అలవాటు మాత్రం పుస్తకాల సంచి ఏసుకొని యూనివర్సిటీ దాక వచ్చింది.

ఇంత లొల్లిల చెల్లె మంచం మీద కూసోని నా పెదవుల దిక్కే చూస్తున్నది.

"ఏమన్నవక్కా? జర గట్టిగ చెప్పు, వినవస్తలేదు."