అక్షర తల మీద ఒట్టు

2022. సికింద్రాబాద్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో షుగర్ క్లినిక్ నర్సుని. ఇన్సులిన్ మొదలైన పిల్లల ఇంటివాళ్లకు సూది వేయడం నేర్పడం నా పని. నాకు నోరు ఎక్కువంటారు, నిజమే.

మూడు నెలల అక్షరను లాలాగూడ నుంచి తెచ్చారు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి సూదులు వేయాల్సింది నాయనమ్మ యాదమ్మే.

"పెద్దమ్మా, ఒక్క పూట మానినా పిల్ల దక్కదు. తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టు" అన్నాను. పెట్టింది. రెండేళ్లు ఒక్క పూట తప్పలేదు.

ఆరు నెలల్లోపు వచ్చే షుగర్‌ను నియోనేటల్ డయాబెటిస్ అంటారు, చాలామందిలో అది జీన్ లోపం వల్ల వస్తుంది. కొత్తగా వచ్చిన డాక్టరు గారు అక్షరకు జీన్ టెస్ట్ చేయించారు. పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉందట, బయటికొచ్చే దారే మూసుకుపోయిందట. ఆ దారి తెరిచేది పెద్దవాళ్ల షుగర్‌కు ఏళ్లుగా వాడుతున్న మామూలు మాత్రే. వార్డులో చేర్చుకుని మాత్ర పెంచుతూ, సూది తగ్గిస్తూ అయిదో రోజుకు సూది ఆపేశాం. నాకు పండగలా అనిపించింది.

ఆరో రోజు మధ్యాహ్నం అక్షరకు ఒళ్లంతా చెమటలు. షుగర్ నలభై రెండుకు పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించాక పిల్ల తేరుకుంది. యాదమ్మ సంచిలో ఇంటి నుంచి తెచ్చిన ఇన్సులిన్ పెన్ను కనిపించింది.

"పిల్లను చంపుదామనుకున్నావా?" అని అరిచాను.

"నువ్వే గదా సిస్టరమ్మా, ఒక్క పూట సుత మానొద్దని ఒట్టు పెట్టించుకున్నవ్. గిప్పుడు బంద్ జెయ్యమంటే పరేషానైన. జెరంతనే ఏసిన."

రిపోర్టు సంగతి అమ్మానాన్నలకు బొమ్మ గీసి మరీ చెప్పాం. రెండేళ్లు సూది వేసిన మనిషికి మాత్రం "ఇక వద్దు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. తప్పు నాదే.

ఆ బొమ్మే మళ్లీ గీసి చూపించాను. తర్వాత అక్షర తల మీద ఆవిడ చెయ్యి, దాని మీద నా చెయ్యి పెట్టాను. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాం పెద్దమ్మా." చిన్నపిల్లలు అనుకునే మాటే. ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని వింది.

"నిజంగ తీసినట్టేనా?"

"తీసినట్టే."

సంచిలోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వైద్యం మారిన రోజున, పాత వైద్యంలో నేను చెప్పిన మాటను నేనే వెనక్కి తీసుకోవాలని యాదమ్మే నేర్పింది. ఇప్పుడెవరి చేతా ఒట్లు పెట్టించుకోను. అక్షర మాత్రల మీదే స్కూలుకు పోతోంది. చెకప్‌కు వచ్చినప్పుడల్లా యాదమ్మ ఒకటే అడుగుతుంది.

"ఒట్టు గట్టు మీదనే ఉన్నదా, సిస్టరమ్మా?"

"అక్కడే ఉంది పెద్దమ్మా" అంటాను. అది విన్నాకే మనవరాలిని లోపలికి తీసుకెళుతుంది.